కార్తీక సోమవారం ఉపవాసం – ఒంట్లో ఏం జరుగుతుంది?

నిరుడు ఒక కార్తీక సోమవారం హారతి వేళకు మన గుడిలో ఒక పెద్దాయన ఉన్నట్టుండి కూలబడ్డారు. పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నారు, ఉపవాసమని ఏమీ తినలేదు. పళ్ళరసం తాగించాక తేరుకున్నారు. మళ్ళీ కార్తీకం వస్తోంది కాబట్టి ఈ సంగతి అందరం తెలుసుకోవడం మంచిది.

మనం భోంచేయగానే రక్తంలో చక్కెర పెరుగుతుంది. అప్పుడు క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ అనే హార్మోను వస్తుంది. అది చక్కెరను కండరాలకు అందిస్తుంది, కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచిపెడుతుంది. గాదెలో ధాన్యం పోసుకున్నట్టన్నమాట. పెద్దవారి కాలేయంలో ఈ నిల్వ సుమారు 100 గ్రాములు ఉంటుంది.

తిని కొన్ని గంటలైతే ఇన్సులిన్ తగ్గుతుంది. అదే గ్రంథి నుంచి గ్లూకగాన్ అనే మరో హార్మోను పెరిగి గాదె తలుపు తీస్తుంది. కాలేయం కొద్దికొద్దిగా చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ తగ్గింది కనుక కొవ్వు కూడా కరిగి కండరాలకు ఇంధనమవుతుంది. అలా మెదడుకు కావలసిన చక్కెర మిగులుతుంది. అందుకే ఆరోగ్యవంతులు నక్షత్ర దర్శనం దాకా ఆగినా సాధారణంగా కాస్త నీరసమే తప్ప ఇబ్బంది ఉండదు.

మధుమేహానికి మందులు వాడేవారి సంగతి వేరు. ఇన్సులిన్ ఇంజెక్షను, లేదా గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ వంటి మాత్రలు తీసుకుంటే, తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ పని సాగుతూనే ఉంటుంది. గాదె తలుపు సరిగా తెరుచుకోదు. చక్కెర 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, తికమక వస్తాయి. ఆఫీసు నుంచి గుడికి కారు నడిపేవారికి ఇది మరీ ప్రమాదం.

అలా అనిపిస్తే కారు పక్కకు ఆపి, వెంటనే అరకప్పు పళ్ళరసం గాని, నాలుగు టీస్పూన్ల పంచదార కలిపిన నీళ్ళు గాని తాగండి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చక్కెర పరీక్షించుకోండి. స్పృహ తప్పినవారికి నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయండి.

మందులు మీ అంతట మీరు మానకండి, తగ్గించకండి. మాసం మొదలయ్యేలోపే డాక్టరును అడగండి. వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు, పిల్లలకు మన పెద్దలు ఎప్పుడూ సడలింపు ఇస్తూనే వచ్చారు. పాలు, పండు తీసుకుని దీపం పెట్టినా శివుడు కాదనడు. గుడిలో ఒంట్లో బాగాలేదనిపిస్తే మొహమాటపడకుండా పక్కవారికి చెప్పండి. హారతి కాకముందే ప్రసాదం ఇస్తాం.