చెమట వాటా

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఈ సామెతలోని కష్టం కలిగినవారికి కొంత, లేనివారికి కొండంత. పెండ్లికైతే బంధుమిత్రులు చదివింపులు చదివిస్తారు. ఇంటికి చదివించేవారెవరు?

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి పరిసర గ్రామాలలో పూర్వం నుండి పేదవాని ఇల్లంటే మట్టిగోడలు, తాటాకు కప్పు. తాటిచెట్లు ఊరి పొలిమేరలోనే ఉంటాయి. మట్టి కాళ్ళ క్రిందనే ఉంటుంది. ఎండకాలంలో ఆ కప్పు క్రింద ఉండే చల్లదనం రేకుల ఇంటికి రాదు. కనుక ఆ ఇంటిని చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే దానికి నిప్పు, గాలి పుట్టు శత్రువులు. ఇళ్ళు ఒకదాని నొకటి ఆనుకొని వరుసగా ఉన్నచోట ఒక పొయ్యిలో నుండి ఎగసిన నిప్పురవ్వ వీధినంతటినీ బూడిద చేయగలదు. గాలి సంగతి చెప్పనే అక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరాన్ని దాటినపుడు ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలతోపాటు పేదల ఇండ్ల కప్పులు కూడ నేలపాలైనాయి. కప్పు పోగొట్టుకొన్న కుటుంబం చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో మరల తాటాకే కప్పుకొంటుంది. మరుసటి తుపానుకు అదీ పోతుంది.

ఇందులో మరొక వింత ఉన్నది. ఈ జిల్లా నుండి ఏటేటా వేలాది కూలీలు విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు, చెన్నై నగరాలకు భవన నిర్మాణ పనులకు వలస వెళ్తారు. పునాది తీయడం, ఇటుక పేర్చడం, స్లాబు పోయడం వారికి వెన్నతో పెట్టిన విద్య. పది అంతస్తుల మేడలు లేపిన ఆ చేతులు స్వగ్రామంలో తమకొక పక్కా గోడ లేపుకోలేకపోతున్నాయి. వారికి లేనిది పనితనం కాదు, పెట్టుబడి.

ఆ పెట్టుబడిని అప్పుగా తెచ్చుకోవచ్చు గదా అని మనకు తోచవచ్చు. ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీపై ఒక కూలి 50,000 రూపాయలు తెచ్చాడనుకొందాం. నెలకు 1,500 రూపాయలు వడ్డీకే సరిపోతుంది. సంవత్సరానికి 18,000 రూపాయలు చెల్లించినా అసలులో ఒక్క రూపాయి తరగదు. అదే మొత్తానికి వడ్డీ లేదనుకొందాం. అప్పుడు నెలకు అదే 1,500 చొప్పున చెల్లిస్తే 34 నెలలలో అప్పు పూర్తిగా తీరిపోతుంది. ఆ మనిషి అతడే, ఆ సంపాదన అదే. ఒక దారిలో ఇల్లు మిగులుతుంది. మరొక దారిలో అప్పు మిగులుతుంది.

ఈ లెక్కనే ఆధారం చేసుకొని పేదల ఇండ్ల కోసం ఒక సంస్థ బయలుదేరింది. దాని పేరు హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ. అది పుట్టినది అమెరికాలో; కాని భారతదేశంలో అది తొలి అడుగు వేసినది మన తెలుగు గడ్డమీదనే. 1983లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మంలో దాని పని ఆరంభమైంది.

దీని మూలాలు జార్జియా రాష్ట్రంలోని ఒక వ్యవసాయ క్షేత్రంలో ఉన్నాయి. క్లారెన్స్ జోర్డాన్ అనే బైబిలు పండితుడు 1942లో తన మిత్రులతో కలసి అమెరికస్ పట్టణ సమీపాన ‘కొయినోనియా’ క్షేత్రాన్ని స్థాపించాడు. ఆ గ్రీకు మాటకు సహవాసమని అర్థం. నల్లవారు, తెల్లవారు ఒకే పొలంలో పనిచేసి, ఒకే బల్లవద్ద భుజించడం అక్కడి ఆచారం. వర్ణభేదం ప్రబలిన ఆ కాలంలో ఇది ఇరుగుపొరుగువారికి కంటగింపైంది. 1950 దశకంలో ఆ క్షేత్రాన్ని వెలివేశారు. తుపాకులు సైతం పేల్చారు. ఆ చోటికి చేరినవాడు మిల్లర్డ్ ఫుల్లర్. ముప్పై యేండ్లు నిండకమునుపే లక్షాధికారి అయిన న్యాయవాది అతడు. సంపాదనలో మునిగి సంసారాన్ని చెడగొట్టుకొంటున్నానని గ్రహించి, భార్య లిండాతో కలసి ఆస్తినంతా వదలుకొన్నాడు. 1968లో జోర్డాన్, ఫుల్లర్ కలసి ఇండ్ల నిర్మాణ పథకాన్ని రూపొందించారు. తొలి ఇల్లు పూర్తికాకముందే, 1969లో, జోర్డాన్ కన్నుమూశాడు. ఫుల్లర్ దంపతులు ఆ పద్ధతిని 1973 నుండి మూడేండ్లు ఆఫ్రికాలోని జైరే దేశంలో పరీక్షించి చూశారు. తిరిగి వచ్చి 1976లో హాబిటాట్‌ను స్థాపించారు.

పద్ధతి ఇది. ఇల్లు ఉచితంగా ఇవ్వరు, లాభానికీ అమ్మరు. కట్టడానికి అయిన ఖర్చును మాత్రమే కుటుంబం చిన్నచిన్న వాయిదాలలో తిరిగి చెల్లించాలి. దానిపై వడ్డీ లేదు. పేదవాని వద్ద వడ్డీ తీసుకొనరాదన్న బైబిలు నియమాన్ని ఫుల్లర్ అక్షరాలా పట్టుకొన్నాడు. వచ్చిన వాయిదాలు ఒక మూలనిధిలో చేరి, మరొక కుటుంబపు గోడలుగా లేస్తాయి. ఇక ఇల్లు పొందే కుటుంబంవారు స్వయంగా పనిలో దిగాలి. తమ ఇంటికే గాక పొరుగువారి ఇంటికి కూడ మట్టి మోయాలి. దీనిని మనం ‘చెమట వాటా’ అనవచ్చు. డబ్బు లేనివాడు చెమటను పెట్టుబడిగా పెట్టి భాగస్వామి అవుతాడు. ఇల్లు పూర్తయిన నాడు అతడు ఎవరి ముందూ చేయి చాపినవాడు కాడు. వలస కూలీల సీమలో ఈ వాటా ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

మత విశ్వాసం నుండి పుట్టిన సంస్థ గదా, ఇల్లు ఇచ్చేటపుడు మతం అడుగుతుందా? అడగదు. అవసరం ఉన్నదా, వాయిదా చెల్లించగలరా, పనిచేయడానికి సిద్ధమా అన్నవే ప్రమాణాలు. ఫుల్లర్ తన ఆలోచనకు ‘సుత్తి వేదాంతం’ అని పేరు పెట్టాడు. దేవుని గురించి ఎన్ని వాదాలున్నా అందరూ ఒక సుత్తి పట్టుకొని మేకు కొట్టడంలో ఏకీభవించవచ్చునని దాని భావం. ఆ సుత్తి పట్టుకొన్నవారిలో ప్రసిద్ధుడు అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. వడ్రంగంలో ఆయనకు స్వయంగా నేర్పు ఉన్నది. 1984లో మొదలుపెట్టి, 2024లో నూరేండ్ల వయస్సులో మరణించడానికి కొన్నేండ్ల ముందువరకు ఆయన ఈ పనిని మానలేదు. 2006లో మహారాష్ట్రలోని లోనావాలా సమీపాన మాలవలిలో 100 ఇండ్ల నిర్మాణానికి వచ్చినపుడు ఆయన వయస్సు 82 సంవత్సరాలు.

మన సంప్రదాయంలో దీనికి పోలిక వెదకితే సప్తసంతానాలు గుర్తుకు వస్తాయి. చెరువు త్రవ్వించడం, గుడి కట్టించడం, తోట నాటించడం పుణ్యకార్యాలు. అందులో అగ్రహారమూ ఉన్నది. కాని అది విద్వాంసులకు ఇచ్చే ఇల్లూ భూమీ. కూలివానికి ఇల్లు కట్టించడం ఆ ఏడింటిలో లేదు. ఈ లోటును మనం ఒప్పుకొనక తప్పదు. ఈ కాలంలో ఆ పని ప్రభుత్వం నెత్తికెత్తుకొన్నది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. వీటి ముందు స్వచ్ఛంద సంస్థ కట్టే ఇండ్ల సంఖ్య చిన్నదే.

హాబిటాట్ మార్గంలోనూ చిక్కులు లేకపోలేదు. వడ్డీ లేని అప్పు అన్న నియమం అన్ని దేశాలలో ఒకే తీరున నిలువలేదు. స్థాపకుడైన ఫుల్లర్‌ను 2005లో పాలకవర్గమే పదవి నుండి తొలగించింది. ఆయన మరొక సంస్థను నెలకొల్పి, 2009లో మరణించాడు. వీటన్నిటికంటె పెద్ద చిక్కు నేల. చెమట వాటా గోడను లేపగలదుగాని స్థలాన్ని పుట్టించలేదు. పట్టా లేని పోరంబోకు స్థలంలో గుడిసె వేసుకొన్నవానికి అప్పు ఇచ్చినా, ఆ గోడ ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేము. కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతరకు వలస నుండి తిరిగివచ్చే కూలీ చేతిలో తాపీ ఉన్నది, పనితనం ఉన్నది. పెట్టె అడుగున పట్టా కాగితం ఉన్నదా లేదా అన్నదానిపైనే ఆ ఇంటి పునాది ఆధారపడి ఉన్నది.

అభ్యాసం

1. ‘చెమట వాటా’ అనగా నేమి? అది దానం కంటె ఏ విధంగా భిన్నమైనది?

2. వడ్డీ గల అప్పుకు, వడ్డీ లేని అప్పుకు గల భేదాన్ని పాఠంలోని లెక్క ఆధారంగా వివరించండి.

3. మీ ఊరిలోని తాటాకు ఇంటిని, పక్కా ఇంటిని పోల్చుతూ పది వాక్యాలు వ్రాయండి.