బూట్ మెనూలో మిగిలిపోయిన పాత పేరును తొలగించే విధానం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, వ్యాసం రాద్దామా అని చాలా ఆలోచించాము. చివరకు మీకు ఏదో ఒకరోజు తప్పక ఉపయోగపడే చిన్న పాఠమే రాస్తున్నాము.

దుత్తలూరు నుంచి నెల్లూరుకు డిగ్రీ చదవడానికి వెళ్ళిన కొత్తలో మేము నలుగురం డబ్బులు వేసుకొని ఒక పాత కంప్యూటరు కొన్నాము. అందులో విండోస్ 7 ఉండేది. అది మొరాయిస్తుంటే సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి విండోస్ 10 వేశాము. అప్పటి నుంచి ఆన్ చేసిన ప్రతిసారీ తెర మీద విండోస్ 10, విండోస్ 7 అని రెండు పేర్లు కనిపించేవి. ఒకరోజు మాలో ఒకరు రెండవ పేరు నొక్కారు. ఇంగ్లీషులో ఏదో తప్పు చూపించి కంప్యూటరు ఆగిపోయింది. చెడిపోయిందనుకొని హార్డ్‌డిస్కు మొత్తం ఫార్మాట్ చేయడానికి సిద్ధపడ్డాము. డి డ్రైవ్‌లో మా ప్రాజెక్టు రికార్డులు, స్కాలర్‌షిప్ కోసం స్కాన్ చేసిన కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆ పని చేసి ఉంటే అన్నీ పోయేవి. కారణం తెలిశాక చూస్తే అది ఐదు నిమిషాల పని!

కారణం ఏమిటి?

ఒక విద్యార్థి టి.సి. తీసుకొని హాస్టల్ నుంచి వెళ్ళిపోయాడు. హాజరు పట్టీలో మాత్రం పేరు కొట్టివేయలేదు. వార్డెన్ సారు పేరు పిలుస్తారు, పలికేవాడు ఉండడు. ఇదీ అంతే. కంప్యూటరు ఆన్ కాగానే బూట్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రాము ఒక పట్టీని చూస్తుంది. ఏ విండోస్ ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డరులో ఉందో అందులో రాసి ఉంటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఈ పట్టీ బూట్.ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైలు. 2007లో వచ్చిన విస్టా నుంచి దాని స్థానంలో బీసీడీ అనే పట్టీ వచ్చింది. ఇది సాధారణంగా మనకు కనిపించని వేరే చిన్న పార్టిషన్‌లో ఉంటుంది. అందువల్ల సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినా పాత పేరు అక్కడే మిగిలిపోతుంది.

తొలగించే విధానం

1. ముందుగా సరిగా పనిచేసే పేరును ఎంచుకొని విండోస్‌లోకి వెళ్ళాలి. ఏమీ నొక్కకపోతే మెనూ మామూలుగా 30 సెకన్లు ఆగి, డిఫాల్టుగా ఉన్నదాన్ని తెరుస్తుంది.

2. పట్టీకి నకలు తీసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి బీసీడీఎడిట్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఎక్స్‌పోర్ట్ అని, మళ్ళీ ఖాళీ వదిలి ఫైలు ఎక్కడ, ఏ పేరుతో ఉండాలో రాయాలి. పొరపాటు జరిగితే ఎక్స్‌పోర్ట్‌కు బదులు ఇంపోర్ట్ అని కొట్టి దీనిని తిరిగి తెచ్చుకోవచ్చు.

3. విండోస్ బొమ్మ ఉన్న కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఎమ్మెస్‌కాన్ఫిగ్ అని కొట్టాలి. బూట్ అనే ట్యాబ్ తెరవాలి.

4. కరెంట్ ఓఎస్ అని రాసి ఉన్నదే ఇప్పుడు నడుస్తున్న విండోస్. దాని జోలికి పోరాదు. అది డిఫాల్టుగా లేకపోతే సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కాలి.

5. పాత పేరును ఎంచుకొని డిలీట్, అప్లై, ఓకే నొక్కి రీస్టార్ట్ చేయాలి.

జాగ్రత్తలు

ఇలా చేస్తే పట్టీలో పేరు మాత్రమే పోతుంది, ఫైళ్ళు పోవు. రెండవ విండోస్ నిజంగానే వేరే డ్రైవ్‌లో ఉంటే మాత్రం దాని పేరు తీసివేయవద్దు. తీస్తే దానిలోకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఉబుంటు వంటి లినక్స్‌లో ఈ పట్టీని గ్రబ్ అనే ప్రోగ్రాము చూపిస్తుంది. అక్కడ టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ అనే ఆజ్ఞ ఇస్తే పట్టీ మళ్ళీ కొత్తగా తయారవుతుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. పాత కంప్యూటర్లలో వేరే సిస్టమ్ వేసే పని మీలో చాలామందికి తగలవచ్చు.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాళ్ళం మేమే. కంప్యూటరు ఆగిపోతే ఇంటికి ఫోన్ చేసి అడగడానికి ఎవరూ లేరు. మీలో చాలామంది పరిస్థితి కూడా అంతే. అందుకే చెబుతున్నాము. తెర మీద తప్పు కనిపించగానే భయపడి అంతా చెరిపివేయకండి. ముందు ఆ ఇంగ్లీషు వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకొని, నెమ్మదిగా చదవండి. సగం సమాధానం అందులోనే ఉంటుంది.