నాలుగింటికి రమ్మంటే

మేం స్టుట్‌గార్ట్ వచ్చిన రెండో ఏడు పాపకి ఐదు నిండాయి. చిన్న ఫ్లాటే అయినా అందర్నీ ఒకేసారి పిలిచేశాం. పై ఇంటి పెద్దావిడ, మా ఆయన ఆఫీసులో ఇద్దరు జర్మన్లు వాళ్ల కుటుంబాలతో, ఊళ్లో మనవాళ్లు నాలుగిళ్లవాళ్లు. అందరికీ ఒకటే మెసేజ్: శనివారం నాలుగింటికి పాప పుట్టినరోజు, తప్పకుండా రండి.

నాలుగు కొట్టేసరికి బెల్ మోగింది. నేనింకా నైటీలోనే ఉన్నాను, కుడిచేతికి గారెల పిండి. తలుపు తీస్తే గుమ్మంలో పై ఇంటావిడ, చేతిలో పూలు. ఆవిడ వెనక మెట్ల మీద ఆఫీసువాళ్లు, పెళ్లాం పిల్లలతో సహా. వచ్చారు, కూర్చున్నారు, కేకు తిన్నారు, కాఫీ తాగారు, చక్కగా కబుర్లు చెప్పారు. ఆరింటికి అందరూ ఒక్కసారే లేచి, చాలా బాగా గడిచిందని చెప్పి వెళ్లిపోయారు. బిర్యానీ దమ్ము మీద ఉంది. వాళ్లు మెట్లు దిగుతుంటే మనవాళ్ల మొదటి కారు కింద పార్కింగ్ వెతుక్కుంటోంది. ఆ రాత్రి బిర్యానీ తిన్నవాళ్లు తిన్నంత తినగా మిగిలింది, మేం బుధవారం దాకా తిన్నాం.

ఎవరి తప్పూ లేదు. జర్మనీలో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకి ఎవరింటికైనా రమ్మంటే అది ‘కాఫే ఉంట్ కూఖెన్’, అంటే కాఫీ, కేకు. దానికి వచ్చినవాళ్లు భోజనం వేళకి లేచిపోవడం మర్యాద. ఏడింటికి రమ్మంటే భోజనం. మనకి నాలుగంటే ఆరు, ఆరంటే ఏడున్నర, భోజనం సంగతి వేరే చెప్పక్కర్లేదు, పిలవడంలోనే ఉంది. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: వంట గురించి తర్వాత, ముందు పిలుపు సరిగ్గా రాయండి. ‘ఐదింటికి కేకు, ఆరున్నరకి ఇండియన్ భోజనం, తొమ్మిదిన్నర దాకా ఉంటాం’ అని విడమరిచి రాయాలి. ఎప్పుడు అయిపోతుందో రాయడానికి చెయ్యి రాదు, రండి అంటూనే పొండి అన్నట్టు ఉంటుంది. ఇక్కడివాళ్లకి అది ఉపకారం. ట్రైను చూసుకుంటారు, పిల్లల్ని పడుకోబెట్టే వేళ చూసుకుంటారు. మనవాళ్లకి మాత్రం విడిగా ఫోన్ చేసి, జర్మన్లు కూడా వస్తున్నారు, ఐదంటే ఐదే అని చెప్పండి. ఐదున్నరకైనా వస్తారు.

తారీఖు విషయంలో ఇంకో చిక్కుంది. పుట్టినరోజు బుధవారం వచ్చిందనుకోండి, ముందు శనివారమే కానిచ్చేయడం మనకి అలవాటు. జర్మనీలో ముందుగా శుభాకాంక్షలు చెప్పడం అపశకునం. టాక్సులకి తప్ప దేనికీ భయపడని ఇంజనీర్లు కూడా ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉంటారు, నోటిదాకా వచ్చిన మాట మింగేస్తారు. అందుకని పార్టీ తర్వాతి శనివారం పెట్టుకోండి. ముందు రోజు రాత్రే కూడి, పన్నెండు కొట్టాక మాత్రమే శుభాకాంక్షలు చెప్పుకునే పద్ధతి ఒకటుంది, దాన్ని ‘రైన్‌ఫైయర్న్’ అంటారు. పెళ్లికాని కుర్రాళ్లకి అది బాగుంటుంది. చిన్న పిల్లలున్న ఇంటికి కుదరదు.

ఆఫీసులో కేకు ఎవరో తెస్తారని ఎదురు చూడకండి. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే తెచ్చి, కిచెన్లో పెట్టి, అందరికీ ఒక మెయిల్ పెట్టాలి. ‘పార్టీ ఎప్పుడు?’ అని పీక్కుతినే మన ఆఫీసుల్లో పనిచేసి వచ్చినవాళ్లకి ఇదేం కొత్త కాదు. బడికి కొత్త బట్టలు వేసుకుని చాక్లెట్లు పంచినదానికి కొనసాగింపే.

ఇక ఇరుగుపొరుగు. స్టుట్‌గార్ట్‌లో మెట్లు ఊడవడానికి వంతులుంటాయి. ‘కేర్‌వోఖె’ అని రాసిన చెక్కముక్క తలుపుకి వేలాడితే ఆ వారం వంతు మీది. పార్టీ ఆ వారమే పెట్టుకుంటే ముప్ఫై జతల బూట్ల మట్టి మీ ఖాతాలోకే వస్తుంది, చూసుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చెయ్యకూడదు, ఆదివారమంతా కూడా అంతే. నెలకోసారి పార్టీ చేసుకునే హక్కుందని మనవాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. అలాంటి హక్కేం లేదు. రెండు మూడు రోజుల ముందు కింది గుమ్మం దగ్గర ఒక కాగితం అంటించండి: శనివారం మా ఇంట్లో పుట్టినరోజు, కాస్త సందడిగా ఉంటుంది, ఇబ్బందైతే బెల్ కొట్టండి. ఫోన్ నంబరు రాయండి. పది తర్వాత కేకలు వేయడానికి అది అనుమతి పత్రం కాదు గానీ, పొరుగింటివాళ్ల మనసు సగం మెత్తబడుతుంది. పది కొట్టగానే బాల్కనీలోవాళ్లని లోపలికి పిలిచి తలుపు వేసేయండి. మన మగవాళ్లకి వీడ్కోలు మాటలన్నీ మెట్ల మీదే గుర్తొస్తాయి, ఆ ముచ్చట్లే మనకి చెడ్డపేరు తెచ్చేది.

సరుకులు శుక్రవారానికే ఇంట్లో ఉండాలి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని కొట్లు మాత్రం తీసి ఉంటాయి. కందిపప్పు, చింతపండు, కరివేపాకు ఇండియన్ కొట్లోనో ఏషియన్ కొట్లోనో కొనాల్సిందే. నెయ్యికి మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. ‘బుటర్‌ష్మాల్ట్స్’ అని ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ ఉంటుంది, కాచిన వెన్నే అది. మన కమ్మదనం కొంచెం తక్కువ, పెద్ద వంటకి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ ఇక్కడి 230 వోల్టులకి సుబ్బరంగా తిరుగుతుంది, ప్లగ్గుకి అడాప్టర్ ఉంటే చాలు.

బియ్యం దగ్గర అందరూ ఒకసారి మోసపోతారు. ‘మిల్ష్‌రైస్’ అని పొట్టిగా గుండ్రంగా ముద్దొచ్చే గింజలుంటాయి. మా సోనామసూరికి చుట్టంలా ఉందని రెండు కిలోలు తెచ్చి వండాను. గరిటెకి అంటుకుని రాలేదు. అది పాలలో ఉడికించడానికి పెట్టిన బియ్యం. అన్నానికి పనికిరాదు, పరమాన్నానికి మాత్రం దాన్ని మించింది లేదు. జర్మన్ పిల్లలు పాలు, చక్కెర, దాల్చినచెక్కతో మిల్ష్‌రైస్ తినే పెరుగుతారు. మరుసటేడు పుట్టినరోజుకి యాలకులూ నెయ్యీ వేసిన పరమాన్నం నోట్లో పెట్టుకోగానే పై ఇంటావిడ కళ్లు మెరిశాయి, వాళ్ల బామ్మ చేసేదట. మిగతా వంటలన్నీ ఆవిడకి కొత్త, అదొక్కటే తెలిసిన రుచి.

కలగలుపు జనానికి నా ఓటు పులిహోరకి. పొద్దున్నే కలిపి పెట్టొచ్చు, చల్లారినా రుచే. పాలు, నెయ్యి, గుడ్డు తగలదు కాబట్టి వీగన్లు తింటారు. జర్మన్లని పిలిస్తే ఒకరిద్దరు వీగన్లు ఉండొచ్చు, శాకాహారి అన్నవాళ్లు సాధారణంగా గుడ్డు తింటారు, ఈ తేడా ముందే అడిగి తెలుసుకోవాలి. ఎలర్జీలు కూడా. వేరుశెనగపప్పు, జీడిపప్పు గురించి అడగాలని మనకి తట్టినా ఇంగువ తట్టదు. చాలా డబ్బాల ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, గ్లూటెన్ పడనివాళ్లకి అది చాలు రాత్రంతా కడుపు పట్టుకోడానికి. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. ఇంకొకటి, వడ్డించేటప్పుడే కరివేపాకూ ఎండుమిరపకాయా పక్కన పెట్టేయాలని చెప్పండి. మేం చెప్పలేదు. మా ఆయన కొలీగ్ ఒకాయన, తలుపు కింద వంగి రావాల్సినంత పొడుగు మనిషి, పెట్టింది పారేయకూడదన్న నియమంతో ఎండుమిరపకాయని నిదానంగా, పూర్తిగా నమిలి మింగాడు. ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. బాగుందన్నాడు. అప్పటికి రెండోది ఫోర్కుతో గుచ్చి పట్టుకుని ఉన్నాడు.

తాలింపులు పొద్దున్నే ముగించండి. ఫ్లాట్లలో పడగ్గదుల్లోనూ, బయటికి వెళ్లే దారిలోనూ పొగ అలారాలు ఉండి తీరాలని చట్టం. మిరపకాయల పొగ నడవాలోకి వెళ్లిందా, అలారం పాడటం మొదలెడుతుంది. వంటింటి తలుపు మూసి కిటికీ బార్లా తీయండి. కంగారులో మెట్లవైపు తలుపు తీస్తే వాసన నాలుగంతస్తులకీ పంచినట్టే.

కేకు కొంటే ఒక సంగతి. మన బేకరీల్లో బ్లాక్ ఫారెస్ట్ అంటే పిల్లల కేకు. ఆ ఫారెస్ట్ స్టుట్‌గార్ట్‌కి పక్కనే ఉంది, ఇక్కడి అసలు కేకులో ‘కిర్ష్‌వాసర్’ అనే చెర్రీ పళ్ల సారా పోస్తారు. ఏదో తగిలీ తగలనట్టు కాదు, రుచి తెలిసేలా పోస్తారు. మరుసటేడు గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ రెండు చెంచాలు తిని, “ఇదేమిటే, హోమియో మందు వాసనొస్తోంది” అంది. శనివారం పూట ఆవిడ మాంసం కూడా ముట్టదు, సారా సంగతి నేనిప్పటికీ చెప్పలేదు. బేకరీలో ఆల్కహాల్ ఉందా అని అడిగి కొనండి. పిల్లలకి పంచే గమ్మీ బేర్లలో చాలావాటికి పంది జెలటిన్ వాడతారు, అవి కొనేముందూ చదవండి. కొవ్వొత్తి ఊదడం మా అమ్మకి నచ్చదు, దీపం ఆర్పడమేమిటంటుంది. మేం ముందు పాపకి అక్షింతలు వేసి హారతిచ్చి, తర్వాత కొవ్వొత్తులు ఊదించాం. జర్మన్లకి హారతే ఎక్కువ నచ్చింది, ఫోటోలన్నీ దానివే.

ఇక అసలు తంటా భోజనం దగ్గర. వేడివేడి పూరీలు వేసి పెట్టాలని నేను వంటింట్లో నిలబడ్డాను. పది నిమిషాల తర్వాత తొంగి చూస్తే ఎనిమిది మంది ముందు నిండు పళ్లేలు, ఎవరూ ముట్టలేదు. ఇంటివాళ్లు కూర్చుని ‘గూటెన్ ఆపెటీట్’ అన్నాకే వాళ్లు మొదలుపెడతారు. పూరీలన్నీ అణిగిపోయాయి. ఆఖరున తినడం మనకి ఆతిథ్యం, ఇంటావిడ నిలబడి ఉంటే వాళ్లకి ముద్ద దిగదు. మొదటి వాయికి కూర్చోండి, తర్వాత లేచి తిరగండి. పూరీల పని పెట్టుకోకండి.

మా అమ్మకి ఇదేదీ పట్టలేదు. ఆ పొడుగు మనిషి పళ్లెంలో మెతుకు మిగలకుండా తింటాడు, అది వాళ్ల మర్యాద. ఖాళీ పళ్లెం కనిపిస్తే మా అమ్మ గరిటె ఆగదు, అది మన మర్యాద. ఆయన “డాంకె” అన్నాడు. అమ్మ దాన్ని థాంక్స్ అనుకుని ఇంకో గరిటె వేసింది. ఏదైనా పెట్టబోతుంటే ఉత్త ‘డాంకె’ అంటే చాలు, వద్దు అని. కావాలంటే ‘బిటె’ అంటారు. మూడో వాయికి ఆయన నా వైపు దీనంగా చూశాడు. వాళ్లకి మొహమాటం అనే మాట లేదు. వద్దంటే వద్దే, మూడుసార్లు అడిగించుకుని తినడానికి కాదు. ఆకలిగా ఉంటే వాళ్లే అడుగుతారు. చివరికి అమ్మతో ఒప్పందానికి వచ్చాం: ఒక్కసారి అడగొచ్చు, గిన్నె బల్ల మీద వదిలేయాలి.

వాళ్లు ఏం తెమ్మంటారని అడిగితే ‘ఏం వద్దండీ, మీరొస్తే చాలు’ అనకండి. సలాడో కేకో ఏదో ఒకటి చెప్పండి, చెప్పిందే తెస్తారు, మీకో పని తగ్గుతుంది. నీళ్లు రెండు రకాలూ ఉంచండి. గ్యాసున్న ‘ష్ప్రూడెల్’ లేకపోతే పెద్దవాళ్లు నీళ్లే లేవన్నట్టు చూస్తారు. బహుమతి ఇచ్చినవాళ్ల ఎదుటే విప్పి చూడాలి, బీరువాలో పెట్టేస్తే చిన్నబుచ్చుకుంటారు.

పిల్లల స్నేహితులకి విడిగా పెట్టడం నయం. మూడు నుంచి ఆరు దాకా అని కార్డులో వేళ రాస్తారు, తల్లిదండ్రులు దింపి వెళ్లి మళ్లీ ఆరింటికి వస్తారు. ఎన్నేళ్లు నిండితే అంతమంది పిల్లలు అని ఒక లెక్క, మాకూ అదే సులువనిపించింది. వెళ్లేటప్పుడు ప్రతి పిల్లకీ చిన్న సంచి, ‘మిట్‌గేబ్సెల్’, మన రిటర్న్ గిఫ్టే.

మిగిలింది డబ్బాల్లో సర్ది ఇవ్వడం వాళ్లకీ ఇష్టమే, డబ్బా కడిగి తిరిగొస్తుంది. సీసాలకీ క్యాన్లకీ ఒక్కోదానికి 25 సెంట్ల దాకా డిపాజిట్ వెనక్కిస్తారు, సంచిలో వేసి ఉంచండి. జామ్, పచ్చడి లాంటి డిపాజిట్ లేని గాజు సీసాలు వీధి చివర డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు విడదీసి వేయాలి. పార్టీ మర్నాడు ఆదివారం పొద్దున్నే మా అమ్మ రెండు సంచులతో చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. గాజు పగిలే చప్పుడు ఇవాళ ఊరంతా వినిపిస్తుందమ్మా, ఆదివారం వేయకూడదన్నాను. “ఈ దేశంలో చెత్తకి కూడా సెలవా?” అంటూ చెప్పులు విప్పి, పెసరట్లకి నేను పప్పు నానబోశానో లేదో చూడ్డానికి వంటింట్లోకి వెళ్లింది.