మొక్కలలో ఫ్లోరిన్: ఆకున ఎక్కువ, గింజన తక్కువ

ఫ్లోరిన్ నీరు త్రాగినవారి ఎముకలు వంగుట మన రైతులెరిగినదే. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. అదే నీరు పైరుకు పెట్టిన ఏమగును?

జనగామ, మహబూబాబాదు వైపు నేల అడుగున గ్రానైటు రాయి గలదు. దానిలోని ఖనిజములనుండి ఫ్లోరిన్ బోరునీటిలో కలియును. భూపాలపల్లి బొగ్గు నేల వేరు. బొగ్గు మండినపుడు వెలువడు హైడ్రోజన్ ఫ్లోరైడు వాయువు ఆకు రంధ్రముల గుండా మొక్కలో చొరబడగలదు.

వేళ్లు నీటితోపాటు ఫ్లోరిన్‌ను పీల్చును. కొంత వేళ్లయందే నిలుచును. తక్కినది నీటివెంట ఆకులకెక్కును. అచ్చట నీరు ఆవిరియై పోవును గాని ఫ్లోరిన్ పోదు. ఆకు కొనలందు, అంచులందు పేరుకొని వానిని మాడ్చును. (ఉప్పునీటివలన, నీటి ఎద్దడివలన కూడ కొనలు మాడును, కంటితో చూచి తేల్చరాదు.) ముదురాకులో లేతాకుకంటె హెచ్చు. టీ మొక్క ఇందుకు పేరుమోసినది. గింజకు, కాయకు చేరునది స్వల్పము.

కనుక వడ్లను గూర్చి బెంగ వలదు. తోటకూర, పాలకూర, పశువుల పచ్చిమేతలకు మాత్రము వీలైనచో చెరువునీరే పెట్టుడు. సున్నము గల నేల ఫ్లోరిన్‌ను బంధించును. చౌడునేలలో అది సులభముగా నీటిలో కరగి వేళ్లకందును. అట్టి నేలకు భూపరీక్ష చేయించి జిప్సం వేయుడు.

త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. కాచినందువలన ఫ్లోరిన్ పోదు. నీరిగిరి ఇంకను చిక్కబడును. గ్రామాధికారులు ప్రతి బోరునీటిని పరీక్షకు పంపించి, ఫలితమును బోరువద్దనే వ్రాయించవలెను.