హెపటైటిస్-బి: మందుకు లొంగని వైరసును పట్టే పరీక్ష

పచ్చకామెర్లు అనగానే మనవాళ్ళకు పసరు మందు, ఉప్పులేని పథ్యము గుర్తుకు వస్తాయి. కాని కామెర్లన్నీ ఒకటి కావు. హెపటైటిస్-బి వైరసు రక్తము ద్వారా, లైంగిక సంపర్కము ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సంక్రమిస్తుంది. కళ్ళు పచ్చబడకుండానే ఏళ్ళ తరబడి కాలేయములో తిష్ఠ వేసి, కొందరిలో సిరోసిస్‌కు, కాన్సరుకు దారి తీస్తుంది. 2022లో ప్రపంచంలో సుమారు 25 కోట్ల 40 లక్షల మందికి ఈ దీర్ఘకాలిక వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

వైరసును లెక్కించడం ఎలా?

మామూలు రక్తపరీక్ష వైరసు పైపొరలోని ఆంటిజెన్‌ను చూస్తుంది. 1965లో బ్లంబర్గ్ ప్రకటించిన "ఆస్ట్రేలియా ఆంటిజెన్" ఇదే. ఈ పరిశోధనకు ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పరీక్ష వైరసు ఉందో లేదో చెబుతుంది గాని, ఎంత ఉందో చెప్పదు. ఆ పని పి.సి.ఆర్. చేస్తుంది. చదరంగపు గళ్ళలో ధాన్యపు గింజల కథ మనకు తెలిసిందే కదా! అలాగే ఇక్కడ వైరసు డి.ఎన్.ఎ. ఒక్కొక్క ఆవృత్తికి రెట్టింపవుతుంది. 30 ఆవృత్తులకు ఒక్కటి 100 కోట్లు దాటుతుంది. దానితోపాటు మెరిసే రంగు ఎంత త్వరగా కనబడితే, మొదట అంత ఎక్కువ వైరసు ఉన్నదన్నమాట.

మందు ఎందుకు ఓడుతుంది?

ఈ వైరసు జన్యుగ్రంథములో సుమారు 3,200 అక్షరాలు మాత్రమే. దానిని నకలు తీసే ఎంజైము తన తప్పులను తాను దిద్దుకోలేదు. అందుచేత నకళ్ళలో మార్పులు పుడుతూనే ఉంటాయి. మందు ఆ మార్పులను పుట్టించదు. తనకు లొంగని దానిని మాత్రం మిగులుస్తుంది. 1998లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందిన లామివుడిన్ విషయంలో ఇదే జరిగింది. ఎంజైములో 204వ స్థానంలోని మిథియొనిన్ పోయి వాలీన్ గాని, ఐసోల్యూసిన్ గాని వస్తే చాలు, మందు పట్టు తప్పుతుంది. ఆ ఒక్క మందే 5 ఏళ్ళు వాడినవారిలో సుమారు 70 శాతం మందిలో ఇలా జరిగింది.

చికిత్సలో ఉండగా వైరసు లెక్క, అంతకుముందు తగ్గిన కనిష్ఠ స్థాయికి పదిరెట్లు పెరిగితే అది హెచ్చరిక. డాక్టరు మొదట అడిగేది "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని. వేసుకుంటున్నా పెరిగితే, ఆ జన్యువులోని అక్షరాలను చదివి ఏ మార్పు వచ్చిందో తేలుస్తారు. కాలేయము దెబ్బతినక ముందే చాలాసార్లు ఈ సంగతి బయటపడుతుంది. ఈ పరీక్ష విలువ అక్కడే ఉంది.

ఎంటెకవిర్ కొత్త రోగులలో 5 ఏళ్ళకు ఒక శాతం మందిలోనే ఓడింది. లామివుడిన్‌కు లొంగనివారిలో దాదాపు సగంమందిలో ఓడింది. అటువంటివారికి టెనోఫోవిర్ పనిచేస్తుంది. కనుక పాత మందుచీటీ పారేయకూడదు. లెక్క సున్నా అయిందని మాత్రలు మానడమూ ప్రమాదమే. కణకేంద్రకంలో దాగిన వైరసు డి.ఎన్.ఎ. మళ్ళీ విజృంభించవచ్చు.

మిత్రులకు ఒక మాట

కలిసి భోంచేస్తే, పక్కన కూర్చుంటే ఈ వ్యాధి అంటదు. పాజిటివ్ అని తేలిన స్నేహితుణ్ణి మెస్సులో దూరం పెట్టడం అజ్ఞానము. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే దీనికి టీకా తెచ్చింది. టీకా వేయించుకుందాం, పరీక్ష చేయించుకుందాం. మాత్ర వాడేవారిని మాత్రం మధ్యలో మాననివ్వవద్దు.