సంతకానికి ముందు తొమ్మిదో క్లాజు

విశాఖపట్నం

మాధవీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఒప్పందం ముసాయిదాను ఫోన్‌లో చదవడం నా కళ్లవల్ల కాలేదు. వీధి చివర జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని, పెన్సిలు చేతబట్టి చదివాను. ముందు సంతోషం సంగతి చెప్పనీ. ఒక మందుల కంపెనీ నీ ల్యాబును వెతుక్కుంటూ వచ్చి మూడేళ్ల ప్రాజెక్టు, కొత్త హెచ్‌పీఎల్‌సీ యంత్రం, ఇద్దరు స్కాలర్లకు ఫెలోషిప్పులు ఇస్తానంటోందంటే అది నీ పనికి దక్కిన గౌరవమే. కంపెనీ డబ్బు అనగానే ముఖం చిట్లించే రకం కాదు నేను. హైదరాబాదు చుట్టూ ఇన్ని మందుల ఫ్యాక్టరీలు ఉండి, అక్కడి యూనివర్సిటీలు వాటితో కలిసి పనిచేయకపోతేనే వింత.

నువ్వు అడిగింది ఈ డబ్బు తీసుకోవచ్చా అని. నా పెన్సిలు ఆగింది వేరే చోట. తొమ్మిదో క్లాజు చూశావా? కంపెనీ ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఫలితాలను ప్రచురించకూడదు, ఎవరికీ వెల్లడించకూడదు. ఒక్కటే వాక్యం. వాయిదాల పట్టికకీ జీఎస్టీ పేరాకీ మధ్య, చదివేవాడి చూపు జారిపోయే చోట ఉంది. మీ ఆఫీసువాళ్లు ‘అన్నిట్లో ఉండేదే మేడమ్’ అన్నారని రాశావు. ఉండేదే. కాలిఫోర్నియాలో బెట్టీ డాంగ్ సంతకం పెట్టిన కాగితంలోనూ ఉంది.

ఆమె కథ నీకు తెలియాలి. మీ పెద్దమ్మ రోజూ పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర ఉంది కదా, లెవోథైరాక్సిన్, గొడవంతా దాని మీదే. అమెరికాలో సింథ్రాయిడ్ అనే బ్రాండుదే అప్పట్లో రాజ్యం. చవక మాత్రలు దానికి సాటిరావని రుజువు చేయించుకోవాలని ఆ బ్రాండు కంపెనీ కోరిక. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేసే డాంగ్‌కు రెండున్నర లక్షల డాలర్లిచ్చి పోల్చి చూడమంది. 1990 చివరికి పని పూర్తయింది. నాలుగు రకాల మాత్రలూ ఒకేలా పనిచేస్తున్నాయని తేలింది. ఇక అక్కణ్ణుంచి కంపెనీ ఆ అధ్యయనంలో తప్పులు వెతకడం మొదలుపెట్టింది. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఆ వ్యాసాన్ని అంగీకరించి 1995 జనవరి సంచికకు సిద్ధం చేసుకుంది. తీరా అచ్చుకు వెళ్లే వేళకు డాంగ్ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కారణం, ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యం. కేసు పడితే తాము అండగా నిలబడలేమని యూనివర్సిటీ లాయర్లు చేతులెత్తేశారు. ఈలోగా కంపెనీ ఆమె లెక్కలనే తీసుకుని, తనవాళ్ల చేత తలకిందుల అర్థం చెప్పించి, ఇంకో పత్రికలో వేయించుకుంది. అసలు వ్యాసం వెలుగు చూసింది 1997 ఏప్రిల్లో. చవక మాత్రలకు మారితే అమెరికాలో ఏటా 35 కోట్ల డాలర్లకు పైగా మిగులుతుందని అందులో అంచనా వేశారు. ఆ ఆలస్యం ఖరీదు ఎంతో నువ్వే లెక్కకట్టుకో.

ఇందులో డాంగ్ అబద్ధమాడలేదు, లంచం తినలేదు. సంతకం పెట్టినప్పుడు ఆ వాక్యం ఆమెకూ మామూలుగానే కనిపించి ఉంటుంది.

‘మా వీసీగారు మంచివారు, ఏదైనా వస్తే చూసుకుంటారు’ అని రాశావు. మంచివారే కావచ్చు. కానీ అమ్మలూ, నీకు మాత్రమే కాదు, యూనివర్సిటీకీ ఒక ప్రయోజనం ఉంటుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకు బయటి ప్రాజెక్టులు, కన్సల్టెన్సీ తెచ్చిన రాబడి లెక్కలోకి వస్తుంది. న్యాక్ గుర్తింపు కోసం ఒప్పందాల ఫైళ్లు చూపిస్తారు. నీ సంతకం వల్ల రాబడి పెరిగేవాళ్లే రేపు నీకూ కంపెనీకీ మధ్య తగవు తీర్చాలి.

టొరంటోలో జరిగింది ఇదే. నాన్సీ ఒలివియెరి అక్కడి పిల్లల ఆసుపత్రిలో రక్తరోగాల వైద్యురాలు, యూనివర్సిటీలో ప్రొఫెసరు. థలసీమియా పిల్లల ఒంట్లో పేరుకునే ఇనుమును తీసేసే డెఫెరిప్రోన్ మాత్ర మీద ఎపోటెక్స్ కంపెనీ సొమ్ముతో పరిశోధన చేసేది. కొందరిలో మందు పట్టు తగ్గుతోందని ఆమెకు అనుమానం వచ్చింది. ఆ సంగతి రోగులకు చెప్పాలంది. కంపెనీ ఒప్పుకోలేదు. 1996 మే నెలలో ట్రయల్స్ ఆపేసి, నోరు విప్పితే కోర్టుకు లాగుతామని హెచ్చరించింది. సరిగ్గా ఆ కాలంలోనే యూనివర్సిటీ అదే కంపెనీతో ఒక భారీ విరాళం గురించి మంతనాలాడుతోంది. కంపెనీకి ఇబ్బందైన మందుల పేటెంటు నిబంధనల గురించి యూనివర్సిటీ అధ్యక్షుడు స్వయంగా కెనడా ప్రభుత్వానికి ఉత్తరం రాశాడు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడనుకో. ఏళ్ల తరబడి నిందలు మోసిన ఒలివియెరిది తప్పు కాదని అక్కడి అధ్యాపకుల సంఘం వేసిన స్వతంత్ర విచారణ 2001లో తేల్చింది.

ఆ మాత్ర పనికిరానిదని నేననడం లేదు. మన దేశంలో థలసీమియా పిల్లలు చాలామంది వాడుతున్నారు, 2011లో అమెరికా కూడా అనుమతించింది. మందు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. రోగి ఒంట్లోకి వెళ్లే మందు మీద డాక్టరుకు అనుమానం వస్తే అది ఆ రోగికి తెలియాలా వద్దా అన్నదే అక్కడి తగాదా. ఆ విషయంలో ఆమె పక్షమే నా పక్షం.

ఇక రెండో అనుబంధం. నెలనెలా నీ పేరున సలహాదారు రుసుము. అదే కంపెనీకి, అదే మందు మీద. ‘వ్యాసం చివర ప్రకటించేస్తే సరిపోదా పెదనాన్నా’ అని అడిగావు. సరిపోదు. ప్రకటన చదివేవాణ్ణి హెచ్చరిస్తుంది, నీ చూపును సరిచేయదు. ఒకరి ఉప్పు తిన్నాక విశ్వాసం చూపడం మన రక్తంలోనే ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి లోకం ఛీ కొడుతుంది. పరిశోధకురాలివి గనుక నీకు జీతం ఇచ్చేదే ఆ వాసాలు లెక్కపెట్టమని.

ఈ విశ్వాసం ఎంత మెత్తగా పనిచేస్తుందో చక్కెర వ్యవహారంలో చూడు. 1965లో అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ హార్వర్డ్ పోషకాహార శాస్త్రవేత్తలకు 6,500 డాలర్లు ఇస్తామని మాట్లాడుకుంది. గుండెజబ్బులకు చక్కెర కారణమా, కొవ్వా అన్న చర్చ మీద సమీక్ష రాయాలి. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చక్కెర సంస్థ డబ్బు సంగతి అందులో లేదు, ఆ పత్రిక ఆ వివరం అడగడం మొదలుపెట్టిందే 1984లో. పాత ఉత్తరాలు తవ్వితీసి 2016లో కాలిఫోర్నియా పరిశోధకులు బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. చక్కెరను తప్పుపట్టే అధ్యయనాలకు కఠినమైన కొలత, కొవ్వును తప్పుపట్టేవాటికి ఉదారమైన కొలత వాడారు. రాసినవారిలో ఒకరైన హెగ్‌స్టెడ్ తర్వాత అమెరికా ప్రభుత్వ ఆహార సూచనల రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. వాళ్లు తెలిసి మోసం చేశారని నేను అనుకోను. అందుకే భయపడాలి.

షేర్లు ఇస్తామంటే మాత్రం ఆలోచించకుండానే వద్దను. 1999లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ జన్యుచికిత్స ప్రయోగంలో పద్దెనిమిదేళ్ల జెస్సీ గెల్సింగర్ చనిపోయాడు. ఆ ప్రయోగానికి సారథ్యం వహించిన శాస్త్రవేత్తకీ, యూనివర్సిటీకీ సంబంధిత కంపెనీలో వాటాలున్న సంగతి అప్పుడు పెద్ద దుమారమైంది.

ఇప్పుడు చేయవలసిన పని. తొమ్మిదో క్లాజు కొట్టేయించి, ఇలా రాయమను: ప్రచురణకు ముందు వ్యాసం కంపెనీకి చూపిస్తాం, పేటెంటు దరఖాస్తు చేసుకోవడానికి, రహస్య సమాచారం ఉంటే చెప్పడానికి అరవై రోజులు ఆగుతాం, ఆ తర్వాత ప్రచురిస్తాం. అనుమతి అన్న మాటే ఉండకూడదు, అభిప్రాయం చెప్పుకోవచ్చు. మంచి కంపెనీలు దీనికి ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే, ఫలితం ఎటు రావాలో వాళ్లు ముందే అనుకున్నారని నీకు ఉచితంగా తెలిసిపోయినట్టే. రోగుల భద్రతకు సంబంధించినదైతే ఆ అరవై రోజులు కూడా వర్తించవని విడిగా రాయించు. సలహాదారు అనుబంధం మొత్తం తీసేయించు, ప్రాజెక్టు డబ్బు యూనివర్సిటీ ఖాతాలోకే రావాలి. నీ స్కాలర్ల థీసిస్‌లను కంపెనీ ఆపే వీలు లేకుండా చూడు. పిల్లలు వైవా కోసం ఎవరి దయ మీదా ఎదురుచూడకూడదు.

మనుషుల మీద ట్రయల్ దాకా వస్తే, మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు తప్పదని నీకు తెలుసు. నేను అదనంగా అడిగేది రోగి సంతకం చేసే పత్రం గురించి. ‘ఈ పరిశోధనకు డబ్బు ఇస్తున్నది ఈ మందు తయారుచేసే కంపెనీయే’ అని తెలుగులో, పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆరో పేజీలో అడుగున కాదు.

నేను ఎథిక్స్ కమిటీలో ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన ఉండేవారు. కొడుకు పనిచేసే కంపెనీ ఫైలు రాగానే కళ్లజోడు జేబులో పెట్టుకుని లేచి వరండాలోకి వెళ్లిపోయేవారు. ‘మీరంటే మాకు నమ్మకం లేదా, కూర్చోండి సార్’ అని మావాళ్లు బతిమాలేవారు. ‘మీకుందయ్యా, ఆ ఫైలులో పేషెంటుకు నేనెవరో తెలీదు కదా’ అనేవారు. ఇప్పుడు 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కూడా అలాంటివారిని చర్చకు దూరంగా ఉండమంటున్నాయి. ఆయన అవి రాకముందే లేచి వెళ్లేవారు.

శుక్రవారం సంతకాలన్నావు. వాయిదా వేయమని ఈరోజే మెయిలు పెట్టు. కారణం అడిగితే తొమ్మిదో క్లాజు అని ఒక్క ముక్క రాయి. సవరించిన ముసాయిదా రాగానే నాకు పంపు, ఈసారి వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో పంపు. ప్రింటు తీసుకుని చూసి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న