సార్వా వేయని కోనసీమ: ఉమ్మడి ప్రణాళిక పాఠం

గోదావరి పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న కోనసీమలో 2011లో వింత జరిగింది. నీళ్లున్నా రైతులు సార్వా (ఖరీఫ్) నాట్లు వేయలేదు. లక్ష ఎకరాలకు అటూఇటూగా భూమిని బీడు ఉంచి ‘పంట విరామం’ ప్రకటించారు.

కారణాలు కొత్తవి కావు. మద్దతు ధర పెట్టుబడికి చాలలేదు, కూలీలు దొరకలేదు. అన్నింటికన్నా మురుగు కాలువల బాధ పెద్దది. పల్లపు నేల కావడంతో గుర్రపుడెక్క, పూడిక పేరుకుంటే వాన నీరు సముద్రంలోకి దిగదు, చేలల్లోనే నిలుస్తుంది. ఒక రైతు తన గట్టు ఎంత బాగుచేసుకున్నా లాభం లేదు. కాలువ పొడవునా ఊళ్లన్నీ కలిసి కదలాలి. అందుకే నిరసన కూడా ఊరూరా చర్చించి తీసుకున్న నిర్ణయమైంది. పంట వదులుకోవడం చిన్న త్యాగం కాదు. దాంతో కారణాలు పరిశీలించేందుకు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించక తప్పలేదు. 2022లోనూ ఇక్కడ పంట విరామం మాట వినిపించింది.

ఇలాంటి ఉమ్మడి ప్రణాళికకు సంబంధించి పరీక్షార్థులు గుర్తుంచుకోవలసినవి: సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం 1997లో వచ్చింది, నీటి వినియోగదారుల సంఘాలకు అదే ఆధారం. రాజ్యాంగ అధికరణ 243జి పంచాయతీల ప్రణాళికలకు, 243జడ్‌డి జిల్లా ప్రణాళికా కమిటీలకు సంబంధించినవి. పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాల్లో చిన్న నీటిపారుదల ఒకటి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది.